బండి సంగతులు: కొత్త ప్లేట్లేసినా క్లచ్ ఎందుకు జారుతోంది?

కిందటి నెల కార్బురేటర్ గురించి రాస్తూ, రేసుకు తయారుచేసే బండిలో మొదట చేతులెత్తేసేది క్లచ్చేనని ఒక మాట అన్నాను. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే. నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడుపుతున్నవాణ్ణి, క్లచ్ మాట ఎత్తితే నాకూ ఆగదు. అందుకని మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడుగైంది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: ఉస్తాద్, నమస్తే. మాది మిర్యాలగూడ. నాన్న వాడిన ఆర్‌ఎక్స్ 100 నా దగ్గరుంది. డ్రాగ్ (నిలబడ్డ చోటు నుంచి తిన్నగా దూసుకుపోయే పందెం) కోసం పోర్టింగ్ (సిలిండరులో గాలి, పొగ పోయే దారులు పెద్దవి చేయడం) చేయించి, పెద్ద కార్బురేటర్, రేసు సైలెన్సర్ పెట్టించాను. రెండు గేర్ల దాకా బాగా లాగుతుంది. మూడులో రేజ్ ఇస్తే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం పోదు. కొత్త కార్క్ ప్లేట్లు, హెవీ స్ప్రింగులు వేశాను. స్ప్రింగుల కింద తలా ఒక వాషర్ కూడా పెట్టాను. స్టీలు ప్లేట్లు అద్దంలా మెరుస్తున్నాయి కాబట్టి పాతవే ఉంచాను. వేడెక్కితే న్యూట్రల్ పడట్లేదని క్లచ్ వైరు బాగా టైట్ చేశాను. ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ జారుతోంది. ఇంకా గట్టి స్ప్రింగులు దొరుకుతాయా?

జవాబు: దొరుకుతాయి తమ్ముడూ. వేయకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జబ్బంతా నువ్వే రాశావు, కాకపోతే వరుస మారింది. నేను వరుసలో పెడతా చూడు. క్లచ్ అంటే కార్క్ ప్లేటు, స్టీలు ప్లేటు ఒకటి విడిచి ఒకటి పేర్చిన దొంతర. కార్కులు ఇంజనుతో తిరిగే బాస్కెట్‌లో, స్టీలువి గేర్‌బాక్సును తిప్పే హబ్‌లో పడతాయి. స్ప్రింగులు ప్రెజర్ ప్లేటు అనే మూతతో దొంతరను నొక్కి పడతాయి, లివర్ నొక్కితే ఆ మూత లేచి ప్లేట్లు విడిపోతాయి. స్టీలు ప్లేట్లు అద్దంలా మెరుస్తున్నాయన్నావు. అలా మెరవడం మంచి లక్షణం కాదు. జారీ జారీ మాడి నునుపెక్కాయన్నమాట. కొత్త స్టీలు ప్లేటును వేలితో తడిమితే కొంచెం గరుకుగా తగులుతుంది, ఆ గరుకులోనే ఆయిల్ నిలిచేది, పట్టు దొరికేది. నునుపెక్కిన వాటి మధ్య కొత్త కార్కులు పెడితే అవీ జారాయి. నువ్వేమో స్ప్రింగుల బలం చాలలేదనుకుని హెవీవి వేశావు, చాలదన్నట్టు వాషర్లు పెట్టావు. హెవీ స్ప్రింగు తీగ లావు, చుట్లూ ఎక్కువ ఉండొచ్చు. కింద వాషర్ పడేసరికి లివర్ పూర్తిగా నొక్కకముందే చుట్టుకు చుట్టు ఆనుకుపోతుంది. ఇక ప్రెజర్ ప్లేటు పైకి లేవదు. అది లేవకపోతే ప్లేట్లు విడిపోవు, ప్లేట్లు విడిపోకపోతే న్యూట్రల్ పడదు. న్యూట్రల్ కోసం వైరు లాగి కట్టావు. వైరులో ఆట, అంటే కాస్త వదులు, లేకపోతే లివర్ నువ్వు పట్టుకోకున్నా సగం నొక్కినట్టే లెక్క. అందుకే ఇప్పుడు మరీ ఎక్కువ జారుతోంది. నాలుగు రిపేర్లు చేశావు, ఒక్కోటీ ముందుదాని తప్పును దాచింది.

ఇంజను విప్పకముందే ఐదు నిమిషాలు పెట్టి ఒక పని చెయ్. వైరు వదులు చేసి, లివర్ మొదట్లో, అంటే హోల్డరుకూ లివరుకూ మధ్య, 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఆట వచ్చేలా పెట్టు. బండి నడుపు. జారడం కొంతైనా తగ్గితే నేను చెప్పిన వరుస నిజమేనని నీకే తెలుస్తుంది.

ఇక అసలు లెక్క. మీ ఊళ్లో రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి మిల్లు భాషలోనే చెప్తాను. మోటారు పుల్లీ మీద బెల్టు జారుతుంటే మిల్లు డ్రైవరు మొదట బిగిస్తాడు. మరీ బిగిస్తే బేరింగు పోతుంది. తెలివైనవాడు ఇంకో బెల్టు పక్కన వేస్తాడు. క్లచ్చూ అంతే. దాని పట్టు నాలుగింటి మీద ఆధారపడుతుంది: ప్లేటు రాపిడి గుణం, స్ప్రింగు నొక్కుడు, ప్లేటు వ్యాసం, రాసుకునే ముఖాలు ఎన్ని అన్నది. వ్యాసం మార్చలేం. స్ప్రింగు 20 శాతం గట్టిదేస్తే పట్టు 20 శాతం పెరుగుతుంది, చేతికి బరువూ అంతే పెరుగుతుంది, ప్రెజర్ ప్లేటును తోసే పుష్‌రాడ్ మీద భారమూ అంతే. అదే ముఖాలు పెంచితే? ఉదాహరణకు ఐదు కార్క్ ప్లేట్లుంటే రెండు వైపులా కలిపి పది ముఖాలు. ఆరో ప్లేటు ఇరికిస్తే పన్నెండు. అదే 20 శాతం, లివర్ మాత్రం బరువెక్కదు. పెద్ద బండ్ల రేసు కిట్లలో ఒక ప్లేటు ఎక్కువ ఇవ్వడం వెనక ఉన్న సంగతి ఇదే.

ఐతే ఊరికే రాదు. అదనపు ప్లేటుకు చోటు కావాలంటే స్టీలు ప్లేట్లు పల్చటివి వేయాలి. పల్చటి స్టీలు తొందరగా వేడెక్కుతుంది, తొందరగా వంకర పోతుంది. ఒక చిన్న లెక్క చూడు. నువ్వూ బండీ కలిపి 170 కిలోలనుకుందాం. రేజ్ ఒక్కదగ్గరే నిలిపి, క్లచ్ జారిస్తూ 40 కిలోమీటర్ల స్పీడు అందుకున్నావు. బండికి చేరిన శక్తి 10 కిలోజౌళ్ల పైచిలుకు. దాదాపు అంతే శక్తి క్లచ్చులో వేడి కింద పోతుంది. స్టీలు ప్లేట్లన్నీ కలిపి 400 గ్రాములుంటే, ఆ వేడంతా వాటిలోనే నిలిస్తే, ఒక్క లాంచ్‌కే, అంటే ఒక్కసారి అలా దూకించినందుకే, 55 డిగ్రీలు పెరుగుతుంది. ఇంజను వేడి దీనికి అదనం. మన కుర్రాళ్లు వరసగా నాలుగు లాంచ్‌లు కొట్టి, ‘ఐదోసారి ఎందుకు పట్టలేదు ఉస్తాద్’ అని అడుగుతారు.

ఇక బిగించే పని. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి ముందు సామాను సంగతి. బజార్లో దొరికే కార్కుల్లో నకిలీలు ఎక్కువ. ఒకసారి ఒక దుకాణంలో సీలున్న డబ్బాలోంచి తీసిచ్చిన సెట్టును వెర్నియర్ పెట్టి కొలిస్తే ఒక ప్లేటుకూ ఇంకోదానికీ 0.2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. తిరిగి తీసుకోమంటే ‘ఇంతకాలం ఎవరూ కొలవలేదు’ అన్నాడు. కొలవలేదు కాబట్టే అమ్ముతున్నావురా నాయనా అనుకున్నాను. నువ్వు కొనేటప్పుడే ప్రతి ప్లేటూ మూడు చోట్ల కొలువు. పెట్టనివ్వకపోతే ఆ కొట్టు దిగిరా.

కొన్న కార్కుల్ని బండిలో పోసే ఆయిల్‌లోనే రాత్రంతా నానబెట్టు. పొడిగా బిగిస్తే మొదటి లాంచ్‌కే మాడిపోతాయి. కెవ్లార్ ప్లేట్లకు నానబెట్టనక్కర్లేదని కొందరంటారు, నేను వాటినీ నానబెడతాను.

ఆయిల్ దించు, కిక్ రాడ్డు తియ్, కుడివైపు కవరు విప్పు. కవరు బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో తిప్పి కేసు పగలగొట్టి, లేత్ వాడి దగ్గరికి పరిగెత్తినవాళ్లను చాలామందిని చూశాను. పాత ప్యాకింగ్‌ను హాక్సా బ్లేడుతో గీకకు, అల్యూమినియం మీద గీత పడితే ఆయిల్ కారుతూనే ఉంటుంది. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్. ప్లేట్లు తీసినవి తీసినట్టు ఒక తీగకు గుచ్చు, వరస పోదు.

ఇప్పుడు క్లచ్ బాస్కెట్ వేళ్లు చూడు. కార్క్ ప్లేటు చెవులు కొట్టీ కొట్టీ వేళ్ల మీద గాట్లు పడి ఉంటాయి. ప్లేటు చెవి ఆ గాట్లో ఇరుక్కుంటే ముందుకూ జరగదు, వెనక్కూ జరగదు. అందువల్ల ఒకసారి పట్టదు, ఒకసారి వదలదు. గాట్లు లోతు లేకపోతే సన్న ఆకురాయితో సమంగా రాయొచ్చు. గోరు దిగేంత లోతుంటే బాస్కెట్ మార్చాల్సిందే. రాసి రాసి వేళ్లను సన్నం చేస్తే రేసులో విరిగి ఇంజనులో పడతాయి.

స్టీలు ప్లేట్లను అద్దం ముక్క మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడు. మామూలు బండ్లకు మాన్యువల్‌లో 0.1, 0.2 మిల్లీమీటర్లు అని ఏదో ఒక హద్దు రాసి ఉంటుంది. నా షెడ్డులో రేసు బండికి 0.1 దాటిన ప్లేటు పక్కన పడేస్తాను. నీలం మచ్చలున్నది కొలవకుండానే పడేస్తాను. తిన్నగా ఉండి నునుపెక్కినవైతే ఆ అద్దం మీదే ఎమరీ పేపరు పరిచి గుండ్రంగా రుద్ది గరుకు చేయొచ్చు. ఇంకో సంగతి, స్టీలు ప్లేటు అచ్చులో కోసింది కాబట్టి ఒక అంచు వాడిగా, ఒక అంచు గుండ్రంగా ఉంటుంది. వాడి అంచులన్నీ ఒకే వైపు చూడాలి.

అమర్చాక స్ప్రింగులు వేయకముందు ప్రెజర్ ప్లేటును చేత్తో నొక్కి తిప్పిచూడు. దాని పళ్లు హబ్ పళ్లలోకి దిగి కూర్చోవాలి. పళ్ల మీద పళ్లు ఆని ఉండగానే బోల్టులు బిగిస్తే అంతా కుదిరినట్టే కనిపిస్తుంది, ప్లేట్లు మాత్రం నొక్కుకోవు. బండి స్టార్టవుతుంది, గేరు పడుతుంది, అంగుళం కదలదు. కొత్తగా నేర్చుకునే పిల్లల్లో సగం మంది ఈ గండం దాటే వచ్చారు. స్ప్రింగు బోల్టులు చిన్నవి, వాటికి సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల లోపే చాలు. మాన్యువల్‌లో అంకె చూసి, టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించు. బలం చూపించాలనుకుంటే బస్తాలు మోయి, అల్యూమినియం బుడిపెల మీద వద్దు.

వాషర్లు తీసెయ్. హెవీ స్ప్రింగులు ఉంచుకో, కానీ అన్నీ ఒకే సెట్టువి, ఒకే పొడుగువి అయి ఉండాలి. కవరు వేయకముందు లివర్ నొక్కి ప్రెజర్ ప్లేటు అన్ని వైపులా సమంగా లేస్తోందా అని కంటితో చూడు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ లేస్తే అప్పుడే విప్పు.

బాస్కెట్ తీయాల్సి వస్తే హబ్ నట్టు కింద లాక్ వాషర్ ఉంటుంది. దాని చెవిని నట్టు మీదికి మడుస్తాం. పదిహేనేళ్ల కింద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు ఒక కుర్రాడి బండి తీసుకెళ్లాం. నేనే బిగించాను. కొత్త లాక్ వాషర్ నాలుగైదు రూపాయలు. ఆరోజు ఆదివారం, కొట్టు మూసి ఉంది, పాతదాన్నే మూడోసారి మడిచాను. రెండో రన్నుకు చెవి విరిగి, నట్టు వదులై, కవరు లోపలి గోడను గీకుతూ తిరిగింది. వాడు లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ వదల్లేదు, గేరులోనే లైను దాటి అటెటో పోయి ఆగాడు. వాడికి దెబ్బ తగల్లేదు. రాత్రంతా తిరుగు ప్రయాణంలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు నా డబ్బాలో ప్రతి సైజు లాక్ వాషర్లు అరడజను ఉంటాయి.

బిగించాక మొదటి వంద కిలోమీటర్లు మామూలుగా నడుపు. ట్రాక్ మీద లైన్‌లో ఫస్ట్ గేరేసి లివర్ పట్టుకుని రేజ్ ఇస్తూ నిలబడకు. దీపం పడేదాకా న్యూట్రల్‌లోనే ఉండు. రన్నుకూ రన్నుకూ మధ్య చల్లారనివ్వు. ఇంటికొచ్చాక ఆయిల్ మార్చు. దించిన ఆయిల్ తెల్ల పళ్లెంలో పోసి వాసన చూడు. మాడు వాసన, నల్లటి పొడి ఉంటే కార్కులు అయిపోయినట్టే. స్ప్రింగుల పొడుగు ప్రతి రేసు మీటింగు తర్వాతా కొలిచి పుస్తకంలో రాసుకో. వేడికి స్ప్రింగు కుంగుతుంది, కంటికి తెలియదు.

ప్రశ్న: దేవరకొండ నుంచి. మా అన్న కారుకు వేసిన ఖరీదైన సింథటిక్ ఆయిల్ ఒక లీటరు మిగిలింది. బండిలో పోసుకుంటే పికప్ పెరుగుతుందా?

జవాబు: రేజ్ పెరుగుతుంది, పికప్ తగ్గుతుంది. చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారు క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు కాబట్టి దానికి నష్టం లేదు. మన బండి క్లచ్ ఆయిల్‌లోనే ఉంటుంది. డబ్బా వెనక జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ, లేదా ఎంఏ2 అని ఉందా చూడు. క్లచ్‌కు ఎంఏ2 పట్టు ఇంకా మెరుగు. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు, గేరు బండికి వద్దు. టూ స్ట్రోక్ బండివాళ్లకు ఒక మాట: మీ క్లచ్ ఉండేది గేర్ ఆయిల్‌లో. పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. ఈ రెండూ తారుమారు చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఆ లీటరు అన్నకే ఇచ్చేయి.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. పెద్ద డ్రాగ్ బండ్ల వీడియోల్లో క్లచ్ మీద చిన్న చిన్న చేతులు, వాటికి బోల్టులు కనిపిస్తాయి. అవేంటి? నా 220 సీసీ బండికి పెట్టించుకోవచ్చా?

జవాబు: దాన్ని లాకప్ క్లచ్ అంటారు. మంచి ఆలోచన అది, ఎవడో చేతి నొప్పి పుట్టినవాడే కనిపెట్టి ఉంటాడు. హయబుసా లాంటి 1,300 సీసీ పైబడిన ఇంజను బలాన్ని స్ప్రింగులతోనే పట్టాలంటే లివర్ నొక్కడానికి ఇద్దరు మనుషులు కావాలి. అందుకని స్ప్రింగులు ఓ మోస్తరువి పెట్టి, ప్రెజర్ ప్లేటు మీద ఆ చేతులు బిగిస్తారు. అవి తిరుగుతున్నప్పుడు, ఒడిసెల రాయి బయటికి లాగినట్టు, బరువు బయటికి విసురుకుంటుంది. చేతుల రెండో కొస ప్రెజర్ ప్లేటును లోపలికి నొక్కుతుంది.

తమాషా ఎక్కడంటే, ప్రెజర్ ప్లేటు తిరిగేది గేర్‌బాక్సు షాఫ్టుతో పాటు. బండి నిలబడి గేరులో క్లచ్ నొక్కి ఉన్నప్పుడు అది తిరగదు, కాబట్టి చేతులు పడుకునే ఉంటాయి, లివర్ తేలిగ్గా ఉంటుంది. బండి కదిలి స్పీడు అందుకునే కొద్దీ నొక్కుడు దానంతట అదే పెరుగుతుంది. ఆ బోల్టులకు వాషర్లు కలుపుతూ, తీస్తూ బరువు సరిచేస్తారు. బరువు ఎక్కువైతే క్లచ్ తొందరగా పట్టేసి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, లేదా ఇంజను కుంగుతుంది. తక్కువైతే పై గేర్లలో జారి ప్లేట్లు మాడతాయి. గ్రాముల్లో లెక్క అది. ప్రతి రన్నుకూ రాసుకుంటారు.

నీ బండికి దాంతో పని లేదు. మంచి కార్కులు, సరైన స్ప్రింగులు, తిన్నని స్టీలు ప్లేట్లు చాలు. ఆ డబ్బుతో వెనక టైరు మార్చు.

ప్రశ్న: వనపర్తి నుంచి ఒక తల్లి. అయ్యా, మా బాబుకు పదిహేడేళ్లు. కాలేజీ ఫీజుకిచ్చిన డబ్బులో కొంత పెట్టి బండికి రేసు క్లచ్ వేయించాడు. రాత్రిళ్లు బైపాస్ మీద ఫ్రెండ్స్‌తో పందేలకు పోతున్నాడని తెలిసింది. తిడితే మాట వినడు. క్లచ్ తీయించేస్తే ఆగుతాడా?

జవాబు: అమ్మా, క్లచ్ తీయిస్తే ఇంకోటి వేయిస్తాడు. తాళం తీసుకోండి. పదహారు నిండితే 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే లైసెన్సు. గేరు బండికి పద్దెనిమిది నిండాలి. కాబట్టి వాడు పగలు నడపడమే తప్పు, రాత్రి పందెం దాకా అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, మైనరు బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. రోడ్డు మీద పందేనికి వేరే సెక్షన్: మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా, లేదా 10,000. ఈ అంకెలు వాడికి చదివి వినిపించండి. మీకు మూడేళ్లు అన్న ముక్క దగ్గర ఆగి ఒకసారి మళ్లీ చదవండి. మగపిల్లలు తమకు దెబ్బ అంటే నవ్వుతారు, అమ్మకు జైలు అంటే తల దించుతారు. నా కొడుకు దగ్గర పనిచేసిన మందు ఇదే.

వాడిలో నిజంగా ఆ పిచ్చి ఉంటే దానికి దారి ఉంది. ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య ఇచ్చే లైసెన్సు తీసుకుని, ట్రాక్ మీద, అంబులెన్సు పక్కన ఉండగా పావు మైలు, అంటే 402 మీటర్లు, సమయం కట్టించుకోవచ్చు. బైపాస్ మీద గెలిచినవాడికి ఎన్ని సెకన్లలో వెళ్లాడో కూడా తెలియదు. పరీక్షలయ్యాక సెలవుల్లో ఒక నెల నా షెడ్డుకు పంపండి. జీతం ఉండదు, మధ్యాహ్నం జొన్నరొట్టె ఉంటుంది. ఇరవై క్లచ్‌లు విప్పి కడిగాక కూడా సరదా తగ్గకపోతే అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న: గద్వాల నుంచి. నడిపేటప్పుడు రెండు వేళ్లు క్లచ్ లివర్ మీద ఆనించి ఉంచడం అలవాటు. తప్పా?

జవాబు: వేళ్ల బరువుకు వైరులో ఆట పోతుంది, మిగతాది పైన మిర్యాలగూడ తమ్ముడికి రాశాను. వేళ్లు గ్రిప్ మీద పెట్టు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి. నాకు చిన్న షెడ్డు ఉంది. అరిగిన క్లచ్ ప్లేట్లు సంచి నిండా ఉన్నాయి. పాత ఇనుము వాడికి వేయనా?

జవాబు: వేయి, కానీ ఒక్కో మోడలుకు ఒక కార్క్ ప్లేటు, ఒక స్టీలు ప్లేటు తీసి పెట్టుకో. హబ్ నట్టు విప్పేటప్పుడు హబ్ తిరగకుండా చాలామంది స్క్రూడ్రైవరు ఇరికిస్తారు, గేరు పన్ను విరుగుతుంది. కార్క్ ప్లేటు చెవులు బాస్కెట్‌లో పడతాయి, స్టీలు ప్లేటు పళ్లు హబ్‌లో పడతాయి కదా. ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కార్కు గీకేసి, మూడు చోట్ల రంధ్రం వేసి బోల్టులు బిగించు. దాన్ని లోపల దించితే హబ్బూ బాస్కెట్టూ ఒకటైపోతాయి. ఇక ఇంజను బలాన్ని బాస్కెట్‌కు అందించే ప్రైమరీ గేర్ల మధ్య మడిచిన రాగి రేకు ముక్క పెట్టి నట్టు విప్పు. వెల్డింగు చేయించకు, వేడికి ప్లేటు వంగి హబ్‌లోకి దిగదు. నాది అలాగే పాడైంది.